పాత మిలిటరీ లారీని కవాతులో నడపాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చాలా ఏళ్లుగా షెడ్డులో నిలిచిపోయిన రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ఆర్మీ లారీ, జీఎంసీ సీసీకేడబ్ల్యూ, ఒకటి మీ చేతికి వచ్చింది. ఇంజన్ హ్యాండిల్‌తో తిప్పితే తిరుగుతోంది. ఏడాదిలో సిద్ధం చేసి స్మారక కవాతులో నడపాలని మీ కోరిక. ముందు బాడీ, పెయింటు చేయించి, మెకానికల్ పని తర్వాత పెట్టుకుంటే కుదురుతుందా, కవాతులో ఎలాగూ రెండు మూడు కిలోమీటర్లు నడక వేగంతో పోవడమే కదా అంటున్నారు.

సూటిగా చెప్తాను. ఏడాదిలో అవుతుంది, కానీ ఆ వరుసలో కాదు. ముందు బ్రేకులు, చక్రాలు. తర్వాత కూలింగ్, పెట్రోలు లైను, వైరింగు. ఇంజన్ పని వాటితో పాటే నడుస్తుంది. పెయింటు అన్నిటికన్నా చివర. ఇక "నడక వేగమే కదా" అన్న మాట మనసులోంచి తీసేయండి. ఈ బండ్లకు అన్నిటికంటే కష్టమైన డ్యూటీ అదే.

ఎందుకో చెప్తాను. 1944 ఆగస్టు 25 నుంచి నవంబరు 16 దాకా ఫ్రాన్స్‌లో నడిచిన రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ గురించి మీరు చదివే ఉంటారు. రైలు మార్గాలు ధ్వంసమైపోతే, ముందుకు దూసుకుపోతున్న మిత్రరాజ్యాల సైన్యానికి పెట్రోలు, మందుగుండు, తిండి అందించింది ఈ లారీలే. ఒక దశలో దాదాపు ఆరు వేల బండ్లు రాత్రింబవళ్లు తిరిగాయి. దాన్ని తలచుకుని "అంత పని చేసిన బండికి కవాతు ఒక లెక్కా" అంటుంటారు చాలామంది. కానీ అక్కడ బండి కదులుతూ ఉంది, రేడియేటర్‌కు ఎదురుగాలి తగులుతూ ఉంది, డైనమో చార్జింగ్ ఇస్తూ ఉంది. టైర్లు, ఇంజన్లు అరిగిపోతే మార్చడానికి వెనక మెకానిక్కుల దళాలు ఉన్నాయి. కవాతులో ఇవేవీ ఉండవు. ముందు నడిచే బ్యాండు ఆగితే మీరూ ఆగాలి. కదిలితే కదలాలి. ఫ్యాను ఐడిల్ మీదే తిరుగుతుంది, గాలి ఉండదు, క్లచ్ మీద కాలు తీయలేరు, చుట్టూ జనం. పైగా బండికి ఎనభై ఏళ్లు దాటాయి.

అందుకే నేను ఏ బండి విప్పినా మొదటి రోజు నుంచీ ఒక్కటే చూసుకుంటాను: ఇది గంటసేపు నడక వేగంతో, ఆగుతూ కదులుతూ, వేడెక్కకుండా, ఎవరికీ తగలకుండా పోగలదా? హైవే మీద ఎంత వేగం పోతుందన్నది నాకు అనవసరం. ఈ లారీ గరిష్ఠ వేగం ఎలాగూ గంటకు 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లే.

బ్రేకులు

సీసీకేడబ్ల్యూలో హైడ్రాలిక్ బ్రేకులు, వాటికి హైడ్రోవాక్ (పెడల్ తొక్కే బలాన్ని పెంచే పరికరం) సాయం. మాస్టర్ సిలిండర్ ఒక్కటే, సర్క్యూటూ ఒక్కటే. ఎక్కడో ఒక పైపు పగిలితే అన్ని చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఇప్పటి కార్లలో లాగా సగం బ్రేకైనా మిగులుతుందన్న ఆశ లేదు. తర్వాతి తరం ఎం35 లారీల్లో కూడా గాలి సాయం ఉన్నా హైడ్రాలిక్ సర్క్యూట్ ఒక్కటే. అందుకే పాత పైపుల్లో బాగున్నవి ఏరుకుని మిగతావి మార్చడం లాంటి పొదుపు ఇక్కడ పనికిరాదు. ఉక్కు పైపులు, రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, అన్నీ మార్చండి.

రబ్బరు గొట్టాల గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. నా దగ్గరికి వచ్చిన ఒక లారీ కాస్త దూరం నడిపేసరికి ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన వచ్చేది. డ్రమ్ము ముట్టుకోలేనంత వేడి. షూలు, స్ప్రింగులు, సిలిండరు అన్నీ కొత్తవే. చివరికి గొట్టం ఊడదీసి బ్లేడుతో నిలువునా కోశాం. పైన పగుళ్లు కూడా లేవు, నల్లగా నిగనిగలాడుతోంది. లోపల మాత్రం రబ్బరు ఉబ్బి, మధ్యలో సన్నని తీగ కూడా దూరనంత ఇరుకైపోయింది. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడికి ఫ్లూయిడ్ ముందుకు పోతుంది, కాలు తీస్తే వెనక్కి రాదు. బ్రేకు పట్టుకునే ఉంటుంది. మామూలు రోడ్డు మీద డ్రైవరుకు బండి కాస్త బరువుగా ఉన్నట్టు అనిపిస్తుందంతే. కవాతులో అయితే జనం మధ్య పొగ లేస్తుంది.

ఫ్లూయిడ్ విషయంలో చాలామంది సిలికాన్ రకం, అంటే డాట్ 5 వాడతారు. అది తేమ పీల్చదు కాబట్టి ఎక్కువ కాలం నిలబెట్టే బండికి మంచిదే. కానీ మామూలు డాట్ 3, డాట్ 4 తో కలపకూడదు. పాతది పూర్తిగా కడిగి, రబ్బర్లన్నీ మార్చాకే పోయాలి. డబ్బా మీద 5.1 అని ఉంటే అది సిలికాన్ కాదు, గ్లైకాల్ రకమే. అంకె చూసి మోసపోకండి.

హైడ్రోవాక్ ఇంజన్ వాక్యూమ్‌తో పనిచేస్తుంది. ఇంజన్ ఆగిపోతే ఒకటి రెండు సార్లు తొక్కేంత సాయమే మిగులుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఖాళీ స్థలంలో ఇంజన్ ఆపి పెడల్ తొక్కి చూసుకోండి. ఎంత బలం పెట్టాలో కాలికి తెలిసి ఉండాలి.

హ్యాండ్‌బ్రేక్ సంగతి చాలామందికి తెలియదు. ఇలాంటి బండ్లలో అది చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే గేర్ల పెట్టె) వెనకాల ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది. అంటే వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపారనుకోండి, డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం తిరిగిపోయి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉన్నా బండి దొర్లవచ్చు. కింద పడుకునే ముందు మిగతా చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాలి. బండి కదులుతుండగా ఆ బ్రేకు గట్టిగా లాగకండి, షాఫ్టు మీద దెబ్బ పడుతుంది.

చక్రాలు, టైర్లు

ఈ పనిలో ప్రాణం పోయే చోటు ఇదే. టైరును ఇనుప రింగుతో పట్టి ఉంచే లాక్ రింగు రిమ్ములు, బోల్టులతో రెండు ముక్కలు కలిపిన రిమ్ములు ఈ కాలపు బండ్లలో మామూలు. గాలి ఉన్న టైరుకు బోల్టులు విప్పినా, తుప్పు పట్టిన రింగు సరిగా కూర్చోకుండా గాలి కొట్టినా, ఆ ఇనుప రింగు తూటాలా ఎగిరొస్తుంది. చక్రానికి చెయ్యి పెట్టే ముందు వాల్వు పిన్ను తీసేసి గాలి మొత్తం వదిలేయండి. "కొంచెమే ఉందిలే" అన్న మాట వద్దు. జంట చక్రాల్లో లోపలి దానికీ అంతే. గాలి కొట్టేటప్పుడు ఇనుప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో పక్కకు నిలబడి కొట్టాలి. ఇలాంటి రిమ్ములు తెలిసిన టైరు షాపు దొరికితే వాళ్లకే వదిలేయండి. ఇందులో నేర్చుకుందామన్న సరదా అక్కర్లేదు.

ఇంకోటి, ఆ కాలపు అమెరికన్ మిలిటరీ బండ్లలో ఎడమ వైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. రాడ్డుకు పైపు తొడిగి బలమంతా పెట్టి "విప్పుతున్నాం" అనుకుంటూ బిగించి, స్టడ్డు విరగ్గొట్టుకున్నవాళ్లు ఎందరో. స్టడ్డు చివర ఎల్ అక్షరం ఉందేమో చూడండి.

టైర్లు పైకి బాగున్నట్టు కనిపిస్తాయి, నమ్మకండి. పక్క గోడ మీద సన్నని పగుళ్లు ఉంటే షెడ్డులో అటూ ఇటూ కదపడానికి వాడుకోండి, జనం మధ్యకు మాత్రం కొత్తవి వేసుకునే పోవాలి. 7.50-20 సైజులో పాత మిలిటరీ గుబ్బల డిజైను టైర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి.

ఇంజన్

270 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, వాల్వులు పైన ఉండే రకం. నమ్మకమైన ఇంజన్. చేత్తో తిరుగుతోందంటే సగం గండం గడిచినట్టే. అయినా బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టకండి, ఇంకో బండితో లాగించి స్టార్ట్ చేయడం అసలే వద్దు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి నెమ్మదిగా తిప్పండి. వాల్వు కవరు తీసి అన్ని వాల్వులూ లేచి దిగుతున్నాయో లేదో చూడండి. ఒక్కటి ఇరుక్కున్నా పుష్‌రాడ్ వంగుతుంది. ఆయిల్ చాంబరు తప్పకుండా దించండి, అడుగున మడ్డి గట్టిపడి ఉంటుంది. కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన అది పోదు. పంపు జల్లెడ మూసుకుంటే బేరింగులు పోతాయి.

పాత పెట్రోలు ట్యాంకు జోలికి మొదట వెళ్లొద్దు. చిన్న డబ్బాలో శుభ్రమైన పెట్రోలు పెట్టి దాంతో స్టార్ట్ చేసి చూడండి. ట్యాంకు, లైను, పంపు డయాఫ్రం పని తర్వాత. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రకం రబ్బరు తొందరగా పాడైపోతుంది. దానికి తట్టుకునే గొట్టాలు, డయాఫ్రం అడిగి కొనండి.

వేడి: కవాతు బండికి అసలు పరీక్ష

రేడియేటర్ ఒక్కటే శుభ్రం చేయిస్తే సరిపోదు. ఇంజన్ బ్లాకులో, ముఖ్యంగా వెనక సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీల్లో, ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పు బురద ఉంటుంది. బ్లాకు పక్కనుండే ప్లగ్గు మూతలు కొట్టి తీసి, వంచిన తీగతో గీకి, నీళ్ల ధారతో కడగాలి. మొదట ఎర్రటి ముద్ద వస్తుంది, తర్వాత ఇటుక రంగు నీళ్లు, ఎప్పటికో తెల్లవి. అది అయ్యేదాకా కొత్త రేడియేటర్ పెట్టకండి, బురద మొత్తం పోయి అందులో కూర్చుంటుంది.

ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడి ఉన్నా ఐడిల్‌లో వేడెక్కుతుంది. ఫ్యాను బెల్టు వదులున్నా అంతే. ఇవి సరిచూసుకున్నాకే అదనపు ఎలక్ట్రిక్ ఫ్యాను గురించి ఆలోచించండి. రేడియేటర్ దగ్గర బయటికి కనబడకుండా ఒకటి అమర్చుకోవడంలో తప్పు లేదని నా అభిప్రాయం. "అసలు బండిలో లేదు కదా" అనేవాళ్లుంటారు. వాళ్ల బండి రోడ్డు మధ్య ఆవిరి కక్కినప్పుడు తోసేది మనమే.

ఇంకో తంటా వేపర్ లాక్. ఎగ్జాస్ట్ పక్కనుంచి పోయే లైనులో పెట్రోలు ఆవిరైపోయి, బండి దగ్గి దగ్గి ఆగిపోతుంది. లైనును వేడికి దూరంగా జరపండి, రేకు అడ్డం పెట్టండి. ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు ఒకటి స్విచ్చుతో పెట్టుకుంటే అవసరానికి ఆదుకుంటుంది. దాని ఓల్టేజీ బండిదే అయ్యుండాలి సుమా, మీ లారీలో కరెంటు 6 ఓల్టులు. కవాతు మధ్యలో చాలాసేపు ఆగాల్సి వస్తే నేను ఇంజన్ ఆపను, ఐడిల్ కొద్దిగా పెంచి ఉంచుతాను. వేడి మీద ఆపితే నీళ్ల తిరుగుడు ఆగి వేడి ఇంకా పైకి పోతుంది, తర్వాత స్టార్ట్ అవ్వడానికి మొండికేస్తుంది.

6 ఓల్టుల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. అదే పనికి 12 ఓల్టుల బండి కన్నా రెట్టింపు కరెంటు పారాలి. అందుకని కేబుళ్లు లావుగా ఉండాలి, ఎర్త్ పట్టీ తగిలే చోట పెయింటు గీకి ఇనుము కనబడాలి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని 12 ఓల్టులకు మార్చేసే వాళ్లలో ఎక్కువ మందికి అసలు జబ్బు సన్నని కేబులే. డైనమో ఐడిల్‌లో దాదాపుగా చార్జింగ్ ఇవ్వదు, కాబట్టి నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీతో బయల్దేరండి.

దుమ్ము విషయంలో జాగ్రత్త

పాత బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేటు, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పాత పెయింటులో సీసం ఉంటుంది. డ్రమ్ము విప్పి గాలితో ఊదకండి, తడిపి తుడవండి. పెయింటును పొడిగా సాండింగ్ చేయకండి. చీకట్లో మెరిసేలా రంగు పూసిన మీటర్లుంటే అందులో రేడియం ఉండే అవకాశం ఉంది. మెరుపు ఇప్పుడు పోయి ఉండొచ్చు గానీ రేడియం పోదు. అద్దం తీసి గీకే పని పెట్టుకోవద్దు.

పెయింటు, నంబర్లు

చివరన పెట్టమన్నానని దీన్ని చులకన చేయడం లేదు. నిజానికి నాకు ఎక్కువ ఇష్టమైన పని ఇదే. బోనెట్ పక్క రేకులను నీటి కాగితంతో, సబ్బు నీళ్లు పోస్తూ, అరచేయంత మేర నెమ్మదిగా రుద్దండి. పైన ఎవరో వేసిన పచ్చ, దాని కింద ఇంకో రంగు, ఆ కింద మందమైన ఆలివ్ డ్రాబ్ (ఆర్మీ వాడిన మట్టిపచ్చ రంగు), ఒక్కో పొరా వరుసగా బయటపడుతుంది. అదృష్టం ఉంటే అక్కడ తెల్ల అంకెల అంచులు కనిపిస్తాయి. ఈ తరగతి అమెరికన్ ఆర్మీ లారీల రిజిస్ట్రేషన్ నంబరు 4 తో మొదలవుతుంది. మొదట్లో ఈ నంబర్లు నీలం ఛాయ రంగులో రాసేవాళ్లు, తర్వాత తెలుపుకు మారారు. ఫొటో తీసి, కొలతలు రాసుకున్నాకే ముందుకు వెళ్లండి. ఒక్కసారి ఇసుకతో బ్లాస్టింగ్ చేయించారంటే ఆ బండి చరిత్ర దుమ్ములో కలిసిపోతుంది. పెయింటు ముందు పెట్టుకోవద్దనడానికి ఇదీ ఒక కారణం.

నంబరు దొరకకపోతే ఏదో ఒక ప్రఖ్యాత దళం గుర్తులు వేసేయకండి. చూసేవాళ్లలో ఆ దళం వాళ్ల పిల్లలో మనవలో ఉంటారు. మామూలు తెల్ల నక్షత్రం చాలు. రెడ్ బాల్ గుర్తు వేయాలనుకుంటే, ఆ డ్రైవర్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది నల్లజాతి సైనికులని బండి పక్కన పెట్టే బోర్డు మీద రాయండి. ఆ సంగతి రాయని బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి.

మెరిసే పెయింటు మాత్రం వద్దు.

కవాతు రోజు

గేర్‌బాక్సులో సింక్రోమెష్ (గేర్ల వేగాన్ని దానంతటదే కలిపే ఏర్పాటు) లేదు, డబుల్ క్లచ్ కొట్టడం, అంటే ఒక్కో గేరు మార్పుకు క్లచ్ రెండుసార్లు తొక్కడం, అలవాటు కావాలి. అసలు కవాతులో గేర్లు మార్చే అవసరం రాకూడదు. అతి తక్కువ గేరులో ఐడిల్ మీద వదిలేస్తే బండి దానంతటదే పాకుతుంది, క్లచ్ అరగదు. ట్రాన్స్‌ఫర్ కేసులోని "లో" రేంజి, అంటే ఇంకా నెమ్మదిగా పోయే అమరిక, వాడదామనిపిస్తుంది గానీ, దాంతోపాటు ముందు ఇరుసు కూడా కలిసే బండ్లుంటాయి. గట్టి తారు రోడ్డు మీద అలా మలుపు తిరిగితే ఇరుసుల మధ్య బిగింపు పెరిగి స్టీరింగ్ మొండికేస్తుంది, షాఫ్టుల మీద భారం పడుతుంది. తిన్నని రోడ్డయితేనే వాడండి.

క్యాబిన్‌లోంచి బోనెట్ ముందు, పక్కన చాలా మేర కనబడదు. చిన్న పిల్లవాడు బంపరు దగ్గరికి వస్తే మీకు తెలియదు. ముందు రెండు మడ్‌గార్డుల పక్కన ఒక్కొక్కరు, వెనక చక్రాల పక్కన ఒక్కొక్కరు నడవాలి. వాళ్లు చెయ్యెత్తితే ఎందుకని అడగకుండా ఆపాలి. బండి మీదినుంచి చాక్లెట్లు, జెండాలు విసరనివ్వకండి, పిల్లలు వాటి కోసం నేరుగా చక్రాల కిందికి వస్తారు. పంచాలనుకుంటే నడిచేవాళ్లు చేతికి ఇస్తారు.

వెనక ఎక్కినవాళ్లు కూర్చునే ఉండాలి, వెనక తలుపు మూసి పట్టీ కట్టాలి. మడ్‌గార్డు మీద, ఫుట్‌బోర్డు మీద ఎవరూ వద్దు, ఎంత పెద్దవాళ్లయినా సరే. వయసు మళ్లిన మాజీ సైనికులు ఎక్కుతుంటే గట్టి మెట్లు వేయించండి. ఆ పాత మిలిటరీ అడుగుమెట్ల మీద ఇరవై ఏళ్ల కుర్రాళ్లే జారతారు.

దారి ముందురోజే నడిచి చూడండి. రైలు గేటు ఉంటే రైల్వే వాళ్లకు చెప్పారో లేదో నిర్వాహకులను నేరుగా అడగండి. 2012 నవంబరులో టెక్సాస్‌లోని మిడ్‌ల్యాండ్‌లో ఇలాంటి కవాతులోనే, మాజీ సైనికులను తీసుకెళ్తున్న ట్రక్కు పట్టాల మీద ఉండగా రైలు ఢీకొట్టి నలుగురు చనిపోయారు. కవాతులో ఉన్నాం కదా, దారి మనదే అన్న ధీమా డ్రైవరుకు తెలియకుండానే వస్తుంది. ముందు బండి పట్టాలు దాటి, మీ లారీ మొత్తం పట్టేంత చోటు అవతల ఖాళీ అయ్యాకే మీరు పట్టాల మీదికి వెళ్లాలి.

ఇన్సూరెన్సు వాళ్లను "కవాతులో, వెనక మనుషులతో నడిపితే వర్తిస్తుందా" అని అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బండి ఖాళీగానే నాలుగైదు టన్నులు తూగుతుంది, మీ లైసెన్సు దానికి సరిపోతుందో చూడండి. డమ్మీ తుపాకీ పెట్టాలన్నా ముందు పోలీసుల అనుమతి తీసుకోవాలి. నిప్పు ఆర్పే సిలిండరు, చక్రాల దిమ్మలు, లాగే రాడ్డు బండిలోనే ఉంచుకోండి. ఆగిపోతే ఏ సందులోకి లాగాలో కూడా ముందే అనుకోండి.

ఏడాది గడువు గురించి ఆఖరు మాట. కవాతుకు నెల ముందు, ఒక ఎండ రోజున, ఖాళీ మైదానంలో గంటసేపు నడక వేగంతో, మధ్యమధ్య ఆపుతూ తిప్పండి. వేడి నిలకడగా ఉండి, అన్ని చక్రాల డ్రమ్ములూ ఒకే రకం వెచ్చగా ఉంటే పేరు ఇవ్వండి. లేకపోతే ఈసారికి ట్రైలరు మీద తెచ్చి పక్కన నిలబెట్టండి, జనం అలా కూడా ఇష్టంగానే చూస్తారు.

మాన్యువల్ టీఎం 9-801 సంపాదించండి, దాని స్కాన్ కాపీలు దొరుకుతాయి. విడిభాగాలు వెతికేటప్పుడు జీ-508 అన్న నంబరు వాడండి, ఈ లారీ విడిభాగాల జాబితాకు ఆర్మీ ఇచ్చిన నంబరు అది. క్యాబిన్‌లో ఉండే డేటా ప్లేటు, చాసిస్ మీద కొట్టిన నంబరు, వెనక ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్ గుండు, ఈ మూడింటి ఫొటోలు పెడితే ఇరుసులు స్ప్లిట్ రకమో (గుండు రెండు ముక్కలు బోల్టులతో కలిపినది), బ్యాంజో రకమో (గుండు ఒకే ముక్కగా ఉండేది) చూసి చెప్తాను. రెండింటి సామాన్లు ఒకదానికొకటి సరిపోవు, ఆర్డరు పెట్టే ముందే అది తేలాలి.